ఎవరికి ‘ఇన్’, ఎవరికి ‘అవుట్’? నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ రాసే తెలుగు ఇంజనీర్లకు ఓరుగల్లు నుంచి బహిరంగ లేఖ

హన్మకొండ

ఆపరేటింగ్ సిస్టమ్‌లలో, రౌటర్లలో, బిల్లింగ్ ప్యానెళ్ళలో నెట్‌వర్క్ భాగాలు రాస్తున్న తెలుగు ఇంజనీర్లకు

ప్రతి: కాలేజీల్లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్ చెప్పే అధ్యాపకులకు

విషయం: ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్క) దిశ చెప్పే ప్రతి మాట ఎవరి వైపు నుంచి చెబుతోందో తెర మీదే రాయాలని కోరుతూ.

నమస్కారం.

వరంగల్, హన్మకొండ, జనగామ, పరకాల, నర్సంపేట, కరీంనగర్‌లలో కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్ల దగ్గర, కాలేజీల్లో, ఆస్పత్రుల్లో నెట్‌వర్క్ చూసుకునే పని మాది. మీరు రాసిన కోడ్ మీదే మా రోజు నడుస్తుంది. అది గట్టి కోడ్ అని మాకు తెలుసు. మా ఫిర్యాదంతా దానికి పెట్టిన పేర్ల మీద. ఇదే సంగతి ఇంతకుముందు సపోర్ట్ టికెట్లుగా పంపాం. “డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టే పనిచేస్తోంది” అని మూసేశారు. ఉన్నట్టే పనిచేస్తున్న మాట నిజమే. అట్లా పనిచేస్తూనే జనానికి నష్టం చేస్తోంది కాబట్టి అందరికీ తెలిసేలా రాస్తున్నాం.

ముందు ఒక్క ప్యాకెట్ వెంట నడిచి చూడండి. నర్సంపేటలో ఒక మీసేవ కేంద్రం స్కాన్ చేసిన కాగితాన్ని సర్వర్‌కు పంపుతోందనుకుందాం. కేంద్రంలోని కంప్యూటర్ కార్డు ఆ ప్యాకెట్‌ను టీఎక్స్‌లో, అంటే పంపిన లెక్కలో రాసుకుంటుంది. గోడకున్న వైఫై రౌటర్ లాన్ పోర్టు (లోపలి కంప్యూటర్ల వైపుది) దాన్నే ఆర్ఎక్స్‌లో, అందుకున్న లెక్కలో రాసుకుంటుంది. అదే రౌటర్ వాన్ పోర్టుకు (ఇంటర్నెట్ వైపుది) అది మళ్ళీ టీఎక్స్. ఆపరేటర్ గదిలోని పెద్ద రౌటర్‌లో కస్టమర్ వైపు పోర్టుకు ఆర్ఎక్స్, పైనుంచి బ్యాండ్‌విడ్త్ ఇచ్చేవాళ్ళ వైపు పోర్టుకు టీఎక్స్. బిల్లింగ్ సర్వర్ దాన్ని ‘ఇన్‌పుట్’ అంటుంది. ఎంఆర్‌టీజీ లాంటి ట్రాఫిక్ గ్రాఫ్‌లో కస్టమర్ వైపు పోర్టు దగ్గర ఆకుపచ్చగా (ఇన్), పై పోర్టు దగ్గర నీలంగా (అవుట్) కనిపిస్తుంది. ఒకటే ప్యాకెట్, ఒకటే ప్రయాణం. కాగితం పంపిన మనిషికి అది మొదటి నుంచి చివరి దాకా అప్‌లోడే.

ఇందులో ఏ లెక్కా తప్పు కాదు. కానీ ప్రతి తెరా ‘ఇన్’ అనో ‘అవుట్’ అనో చెప్పి ఊరుకుంటుంది, ఎవరికి ఇన్నో చెప్పదు. తహసీల్దారు ఆఫీసులో అవుట్‌వర్డ్ నంబరు పడిన కాగితానికే కలెక్టరేట్‌లో ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది. ఏ గుమాస్తా తికమకపడడు, రిజిస్టరు అట్ట మీద ఆఫీసు పేరుంటుంది కాబట్టి. మీ తెరలు అట్ట చింపేసిన రిజిస్టర్లలా ఉన్నాయి.

దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్నది ఇది:

1. కట్టిన డబ్బుకు రావాల్సిన వేగం రావడం లేదు.

మైక్రోటిక్ కంపెనీ రౌటర్‌కు రేడియస్ సర్వర్ (కస్టమర్ లాగిన్, వేగం, వాడకం చూసేది) పంపే వేగ పరిమితిలో ముందు ఆర్ఎక్స్, గీత (/) తర్వాత టీఎక్స్. ఆర్ఎక్స్ అంటే రౌటర్ అందుకునేది, కాబట్టి కస్టమర్ అప్‌లోడ్. ఈ ముక్క వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది. కానీ మన దగ్గర ప్లాన్ చెప్పేటప్పుడు ‘50/10’ అంటే 50 డౌన్‌లోడ్, 10 అప్‌లోడ్ అని అందరికీ అర్థం. బిల్లింగ్ ప్యానెల్‌లో వేగం బాక్సు మీద ‘ఇన్/అవుట్’ అని మాత్రమే ఉంటే, పనిచేసే కుర్రవాడు నోటితో చెప్పిన వరసలోనే 50ఎం/10ఎం కొడతాడు. ఆ ఇంటికి డౌన్‌లోడ్ 10కి పడిపోతుంది. సాయంత్రం పిల్లల వీడియో క్లాసు ఆగి ఆగి వస్తుంది. ఫోన్ చేస్తే “ప్యానెల్‌లో 50 పెట్టే ఉంది సార్” అని జవాబొస్తుంది. అదీ నిజమే.

దీన్ని పట్టుకునే దారి ఒకటే: కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేసి రెండు అంకెలూ చూడాలి. డౌన్‌లోడ్ 10, అప్‌లోడ్ 50 కనిపిస్తే గీతకు అటు ఇటు తారుమారైనట్టే. 100/100 లాంటి సమాన ప్లాన్లలో ఈ తప్పు ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. ప్లాన్ మార్చిన రోజున ఒక్కసారిగా అందరికీ తిరగబడుతుంది.

2. వాడకం లెక్క తారుమారవుతోంది.

రేడియస్ అకౌంటింగ్ పద్ధతి 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2866 అనే పత్రంలో ఉంది. అందులో ఇన్‌పుట్ ఆక్టెట్స్ అంటే కస్టమర్ పోర్టు నుంచి రౌటర్‌కు వచ్చిన బైట్లు, అంటే అప్‌లోడ్. అవుట్‌పుట్ ఆక్టెట్స్ డౌన్‌లోడ్. ప్యానెల్ రాసినవాళ్ళు ‘ఇన్‌పుట్’ను కస్టమర్‌కు వచ్చినదనుకుని డౌన్‌లోడ్ కాలమ్‌లో పోస్తే, డౌన్‌లోడ్ హద్దు దాటితే వేగం తగ్గించే ప్లాన్లలో శిక్ష ఇంకొకరికి పడుతుంది. పెళ్ళి వీడియోలు పైకి పంపే ఫోటో స్టూడియో లైన్ నెమ్మదిస్తుంది. రాత్రంతా సినిమాలు దించుకున్న లైన్ అట్లాగే పరుగెడుతుంది.

దీనికి తోడు ఈ లెక్క 32 బిట్లది. 4 జీబీ నిండగానే సున్నా నుంచి మళ్ళీ మొదలవుతుంది. ఎన్నిసార్లు నిండిందో చెప్పేందుకు గిగావర్డ్స్ అని వేరే గడి ఉంది. దాన్ని చదవని ప్యానెల్‌లో ఒక సెషన్‌లో 10 జీబీ వాడిన ఇల్లు 2 జీబీ వాడినట్టు కనిపిస్తుంది. పోర్టుల నుంచి ఎస్ఎన్ఎంపీతో (పరికరాల లెక్కలు దూరం నుంచి చదివే పద్ధతితో) తీసే పాత 32 బిట్ల లెక్కకూ ఇదే గతి: నిండుగా పారే 100 మెగాబిట్ల లైన్‌లో 5.7 నిమిషాలకు, 1 గిగాబిట్ లైన్‌లో 34 సెకన్లకు ఒకసారి తిరిగిపోతుంది. 5 నిమిషాలకోసారి చదివే గ్రాఫ్ గిగాబిట్ లైన్ మీద చూపించేది అబద్ధపు గీత. 64 బిట్ల లెక్క ఎప్పుడో వచ్చింది. దాన్ని వాడని ప్యానెల్ ఈ రోజుల్లో అమ్మకూడదు.

3. హాస్టళ్ళు, చిన్న ఆఫీసులు పెట్టుకునే లైనక్స్ గేట్‌వేలలో వేగం కట్టడి పనిచేయడం లేదు.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పడుతున్నారు. గేట్‌వే అంటే గదుల నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్‌కు కలిపే కంప్యూటర్. దానికి రెండు కార్డులు: ఇంటర్నెట్ వైపు వాన్0, గదుల వైపు లాన్0. వేగాన్ని అదుపు చేసేది టీసీ అనే లైనక్స్ కమాండ్. టీసీ ప్యాకెట్లను వరసలో నిలబెట్టి నెమ్మదిగా వదలగలిగేది కార్డు నుంచి బయటికి పోయేటప్పుడే, అంటే ఎగ్రెస్‌లోనే. ఇన్‌గ్రెస్‌లో, అంటే కార్డులోకి వచ్చేటప్పుడు, వరస కట్టడం ఉండదు, హద్దు దాటినదాన్ని పారేయడమే.

డౌన్‌లోడ్ అంటే ‘లోపలికి వచ్చేది’ కదా అని కొత్తవాడు వాన్0 ఇన్‌గ్రెస్‌లో రూలు రాస్తాడు. అక్కడ వరస లేదు, అది ఒక తప్పు. రెండోది, ఆ చోట ప్యాకెట్‌కు ఇంకా నాట్ (గది చిరునామాకు, గేట్‌వే పబ్లిక్ చిరునామాకు మధ్య మార్పు) జరగలేదు. దాని మీద ఉన్నది గేట్‌వే పబ్లిక్ చిరునామా. 192.168.10.25 గదికి అని రాసిన ఫిల్టర్‌కు ఒక్క ప్యాకెట్ కూడా తగలదు. సరే, అప్‌లోడ్‌నైనా పట్టుకుందామని వాన్0 ఎగ్రెస్‌లో రాస్తే, అక్కడికి చేరేసరికి నాట్ అయిపోయి వంద గదుల చిరునామా ఒకటే అయి ఉంటుంది. ఎవరిదేదో విడదీయలేం.

సరైన చోటు రెంటికీ లాన్0 దగ్గరే. డౌన్‌లోడ్‌కు లాన్0 ఎగ్రెస్‌లో వరస కట్టాలి. గది వైపు బయటికి పోయేదే గదికి డౌన్‌లోడ్, చిరునామా కూడా అప్పటికే గదిది. అప్‌లోడ్‌కు లాన్0 ఇన్‌గ్రెస్ నుంచి ప్యాకెట్లను ఐఎఫ్‌బీ అనే ఉత్తుత్తి కార్డుకు మళ్ళించి, దాని ఎగ్రెస్‌లో వరస కట్టాలి. అంటే గది నుంచి లోపలికి వచ్చిన ప్యాకెట్‌ను కట్టడి చేసే రూలు ‘బయటికి పోయే వరస’ అన్న పేరు కింద రాయాలి. పైగా దాని పేరు ఐఎఫ్‌బీ0. ఆ పేరు చూసి అది ఏ కార్డుది, ఏ వైపుది అని ఎవరు చెప్పగలరు? దానికి ‘అప్-లాన్0’ అని పేరు పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. మేం అట్లాగే పెడుతున్నాం.

టీసీలో కొలతల పేర్లు ఇంకో గుంట. ఊరంతా ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు అనుకుంటుంది. టీసీలో ‘10ఎంబీపీఎస్’ అని రాస్తే సెకనుకు 10 మెగాబైట్లు, అంటే 80 మెగాబిట్లు. 10 మెగాబిట్లు కావాలంటే ‘10ఎంబిట్’ అని రాయాలి. ఎనిమిదింతల తేడా వచ్చినా కమాండ్ నోరు మెదపదు.

4. మూసేశామనుకున్న తలుపులు తెరిచే ఉంటున్నాయి.

లైనక్స్ ఫైర్‌వాల్‌లో ఇన్‌పుట్ చైన్ (రూళ్ళ వరస) అనగానే వచ్చే ప్యాకెట్లన్నీ అందులోకి వస్తాయనుకుంటారు. అందులోకి వచ్చేవి ఆ యంత్రానికే చెందినవి. దాని గుండా వేరే చోటికి పోయేవి ఫార్వర్డ్ చైన్‌కు పోతాయి. గేట్‌వే మీద ఇన్‌పుట్‌లో ఎన్ని రూళ్ళు రాసినా వెనకున్న కంప్యూటర్లకు కాపు ఉండదు. ఈ అపోహకు చరిత్ర కూడా ఉంది: లైనక్స్ 2.2 నాటి ఐపీచైన్స్ ఫైర్‌వాల్‌లో దాటిపోయే ప్యాకెట్ కూడా ఇన్‌పుట్ గుండానే పోయేది. 2001 జనవరిలో 2.4తో ఐపీటేబుల్స్ వచ్చినప్పుడు అర్థం మారింది, పేరు మిగిలింది.

దీని ఫలితం ఇప్పుడు కంటైనర్లలో (ప్రోగ్రామ్‌ను విడిగా కట్టి నడిపే పెట్టెల్లో) కనిపిస్తోంది. ఒక క్లినిక్ రోగుల రికార్డుల డేటాబేస్‌ను డాకర్ అనే కంటైనర్ సాఫ్ట్‌వేర్‌లో నడుపుతోందనుకోండి. 5432 పోర్టు (ఇక్కడ పోర్టు అంటే డేటాబేస్ వినే నంబరు, తీగ పెట్టే చోటు కాదు) బయటికి ఇచ్చి, యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ టూల్‌లో ఆ పోర్టు మూసేస్తారు. మూసినట్టే చూపిస్తుంది. కానీ డాకర్ ప్రీరౌటింగ్‌లోనే, అంటే దారి నిర్ణయం కాకముందే, చిరునామా మార్చేస్తుంది, ప్యాకెట్ ఫార్వర్డ్ దారిన పోతుంది, యూఎఫ్‌డబ్ల్యూ రూలున్న ఇన్‌పుట్ గడప తొక్కదు. యంత్రానికి పబ్లిక్ చిరునామా ఉంటే రోగుల రికార్డులు ప్రపంచానికి తెరిచినట్టే. పోర్టును 127.0.0.1:5432 అని, అంటే ఆ యంత్రానికే అందే చిరునామాకు, కట్టి ఇవ్వాలి. లేదా డాకర్-యూజర్ చైన్‌లో రూలు రాయాలి. అక్కడా ఒక మెలిక: ఆ చైన్‌కు వచ్చేసరికి పోర్టు కూడా మారిపోయి ఉంటుంది. బయట 8080, కంటైనర్‌లో 80 అయితే, 8080 అని రాసిన రూలు పట్టదు. 80 అని రాయాలి, లేదా కనెక్షన్ మొదటి పోర్టును చూసే కాన్‌ట్రాక్ షరతు వాడాలి. ఏది రాసినా, ఫోన్‌లో మొబైల్ డేటా పెట్టి బయటి నుంచి ఒకసారి తట్టి చూడందే నమ్మకండి. టీసీపీడంప్‌తో (ప్యాకెట్లను పట్టి చూపే టూల్‌తో) చూసి నిర్ణయించకండి కూడా: వచ్చే ప్యాకెట్‌ను అది ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది, ఫైర్‌వాల్ ఆపినదీ అందులో కనిపిస్తుంది.

విండోస్ ఫైర్‌వాల్‌లో ‘ఇన్‌బౌండ్’ అంటే మళ్ళీ వేరు. అక్కడ చూసేది కనెక్షన్ ఎవరు మొదలుపెట్టారన్నది. ఇన్‌బౌండ్ మొత్తం ఆపినా డౌన్‌లోడ్ ఆగదు, ఆ కనెక్షన్ లోపలి నుంచి మొదలైంది కాబట్టి. ఒకే మాట ఒక చోట ప్యాకెట్ దిశ, ఇంకో చోట కనెక్షన్ దిశ.

5. కార్డు పేరు మారి ఊరి లైనే పోతోంది.

ఈథ్0, ఈథ్1 అన్న పాత పేర్లు కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు) ఏ కార్డు ముందు దొరికితే దానికి. రీబూట్‌కు అటుది ఇటైతే గదుల వైపు రూళ్ళు ఇంటర్నెట్ వైపు పడేవి. 2013లో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపే సాఫ్ట్‌వేర్) కార్డు ఉన్న చోటును బట్టి పేరు పెట్టడం మొదలుపెట్టింది: ఎన్‌పీ3ఎస్0 అంటే ఈథర్‌నెట్, 3వ బస్సు (మదర్‌బోర్డు మీది డేటా దారి), 0వ స్లాటు. మంచి మార్పే. కానీ ఆ యంత్రంలో ఇంకో కార్డు గుచ్చితే బస్సు నంబర్లు జరిగి ఎన్‌పీ3ఎస్0 కాస్తా ఎన్‌పీ4ఎస్0 కావచ్చు. సెట్టింగులన్నీ లేని పేరు మీద ఉండిపోతాయి. రాత్రి కార్డు గుచ్చి ఆన్ చేస్తే నెట్‌వర్క్ లేదు, దూరం నుంచి లాగిన్ కావడానికి దారి లేదు. కార్డు మ్యాక్ చిరునామాను (కార్డుకు ఉండే సొంత నంబరును) పట్టుకుని పేరు ఖాయం చేసే లింక్ ఫైల్ ఒకటి రాస్తే ఈ బాధ ఉండదు. పేరు 15 అక్షరాలు దాటకూడదు, ‘ఈథ్’తో మొదలు కాకూడదు, కెర్నల్ ఇచ్చే పేరుతో గుద్దుకుంటుంది. వాన్0, లాన్0 చాలు. ఈ పని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అడిగి చేయించవచ్చు కదా?

6. వర్చువల్ మెషీన్లలోనూ (ఒక కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లలోనూ) ఇదే తంతు. లోపలి కార్డుకు టీఎక్స్ అయినది, హోస్ట్ (దాన్ని నడిపే అసలు కంప్యూటర్) మీద దానికి జతగా ఉండే ట్యాప్ కార్డుకు ఆర్ఎక్స్. ఓపెన్ వీస్విచ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్‌లో ‘ఇన్‌గ్రెస్’ పరిమితి పెడితే తగ్గేది వర్చువల్ మెషీన్ పంపే వేగం. కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్ నెట్‌వర్క్ పాలసీలో ‘ఇన్‌గ్రెస్’ అంటే పాడ్‌కు (కంటైనర్ల గుంపుకు) వచ్చేది. అదే కుబర్నెటీస్‌లో ‘ఇన్‌గ్రెస్’ అనే ఇంకో వస్తువు పూర్తిగా వేరే పని చేస్తుంది.

ఇది సరిచేయలేని సంగతి అనకండి. మా చేతుల్లో రోజూ ఉండే ఫైబర్‌లోనే సరైన పద్ధతి ఉంది. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఇంటి నుంచి ఆపరేటర్‌కు పోయేది అప్‌స్ట్రీమ్, 1310 నానోమీటర్ల వెలుతురు, 1.244 గిగాబిట్లు. ఆపరేటర్ నుంచి ఇంటికి వచ్చేది డౌన్‌స్ట్రీమ్, 1490 నానోమీటర్లు, 2.488 గిగాబిట్లు. ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ (ఆపరేటర్ వైపు ఫైబర్ పెట్టె) ముందు కూర్చున్నా, పరకాలలో ఇంటి గోడకున్న ఓఎన్‌టీ (ఇంటి వైపు పెట్టె) ముందు నిలబడ్డా ఆ మాటల అర్థం మారదు. కాజీపేట జంక్షన్‌లో అప్ లైన్, డౌన్ లైన్ అన్న మాటలు రైల్వేవాళ్ళ పనికి ఉంటాయి. ప్లాట్‌ఫారం మీది మనిషికి మైకులో చెప్పేది మాత్రం సికింద్రాబాద్ వైపా, విజయవాడ వైపా, బల్హార్షా వైపా అన్నదే. మేం అడుగుతున్నది ఆ ‘వైపు’ ఒక్కటే.

కాబట్టి మా డిమాండ్లు:

ఒకటి. మనిషి చదివే ప్రతి తెర మీద, ప్రతి సెట్టింగ్ బాక్సు మీద దిశను రెండు కొసలతో రాయండి: ‘కస్టమర్ నుంచి’, ‘కస్టమర్‌కు’, ‘వర్చువల్ మెషీన్ నుంచి’, ‘వర్చువల్ మెషీన్‌కు’. ఒంటి ‘ఇన్’, ఒంటి ‘అవుట్’ వద్దు.

రెండు. పాత పేర్లు తీసేయమని అడగడం లేదు. వాటి మీద లక్షల స్క్రిప్టులు నడుస్తున్నాయని తెలుసు. పక్కన మారుపేరు ఇవ్వండి. కార్డులకు అసలు పేరు కదపకుండా రెండో పేరు పెట్టుకునే ఆల్ట్‌నేమ్ సదుపాయం 2020లో లైనక్స్ 5.5తో వచ్చింది, అందులో పేరు 15 అక్షరాలు దాటినా పడుతుంది. కార్డులకు చేయగలిగినది చైన్లకు, లెక్కలకు ఎందుకు చేయలేరు?

మూడు. డాక్యుమెంటేషన్‌లో ఎక్కడో రాసి ఊరుకోవద్దు, కమాండ్ జవాబులోనే చెప్పండి. టీసీపీడంప్ 4.99 నుంచి అన్ని కార్డులూ కలిపి చూసేటప్పుడు ప్రతి వరస ముందు కార్డు పేరు, ఇన్ లేదా అవుట్ వేస్తోంది. ఆ ఒక్క మార్పు మాకు ఎన్ని గంటలు మిగిల్చిందో చెప్పలేం. టీసీ కూడా ‘10ఎంబీపీఎస్’ అందుకున్నప్పుడు ‘80 మెగాబిట్లుగా తీసుకున్నాను’ అని ఒక వరస వేయాలి. పోర్టు బయటికి ఇచ్చేటప్పుడు డాకర్ ‘ఇన్‌పుట్ రూళ్ళు దీనికి వర్తించవు’ అని చెప్పాలి.

నాలుగు. బిల్లింగ్ ప్యానెల్ రాసేవాళ్ళు వేగాన్ని గీత పెట్టి ఒకే బాక్సులో తీసుకోవద్దు. డౌన్‌లోడ్‌కు ఒక బాక్సు, అప్‌లోడ్‌కు ఒక బాక్సు ఇచ్చి, రౌటర్‌కు కావలసిన వరసలో మీరే కలపండి. అమ్మే ముందు 100/100తో కాకుండా 50/10తో పరీక్షించండి.

ఐదు. తెలుగులోకి మార్చేటప్పుడు ‘ఇన్‌కమింగ్’, ‘అవుట్‌గోయింగ్’ అని అక్షరాలు మార్చి వదిలేయకండి. మన భాషలో నుంచి, కు, వైపు ఉన్నాయి. ఇంగ్లీషులో రెండు మాటల్లో చెప్పాల్సింది తెలుగులో ఒక్క ప్రత్యయంతో తేలిపోతుంది.

అధ్యాపకులకు ఒక విన్నపం. ల్యాబ్‌లో యాక్సెస్ లిస్టుకు (ఏ ప్యాకెట్‌ను వదలాలో, ఏది ఆపాలో చెప్పే జాబితాకు) ‘ఇన్’, ‘అవుట్’ చెప్పేటప్పుడు రౌటర్ లోపల నిలబడి చూసినట్టు చెప్పండి. పైన మీసేవ ప్యాకెట్‌కు చేసినట్టు, ఒక ప్యాకెట్ ఏ పోర్టు దగ్గర ఏ పేరుతో లెక్కలోకి ఎక్కుతుందో పిల్లల చేత పట్టిక వేయించండి. ఒక అప్‌లోడ్‌కు, ఒక డౌన్‌లోడ్‌కు. రెండు పట్టికలు వేసిన పిల్లవాడు పనిలోకి వచ్చిన మొదటి వారంలోనే మాకు అక్కరకొస్తాడు.

పై ఆరు అంశాల్లో ఏది మీ సాఫ్ట్‌వేర్‌కు వర్తిస్తుందో చూసి, ఏ తెర మీది ఏ మాటను, ఏ వెర్షన్‌లో మారుస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. మార్చిన తెరను పరీక్షించేందుకు లైన్లు, పాత రౌటర్లు, చేతులు మేమిస్తాం.

ఇట్లు,
వరంగల్, హన్మకొండ, జనగామ, కరీంనగర్ జిల్లాల నెట్‌వర్క్ పనివాళ్ళం